బెర్లిన్‌లో మొదటి ఆరు వారాలు: ఏ కాగితం ముందు, ఏది తర్వాత

ఏటా సెప్టెంబరు చివర్లో నా ఫోను మోగడం మొదలవుతుంది. "అక్కా, ల్యాండయ్యా. ఇప్పుడేం చెయ్యాలి?" జవాబు చెప్పేలోపే ఇంకో మెసేజ్: "బ్యాంకు వాళ్ళు అడ్రస్ ప్రూఫ్ అడుగుతున్నారు. ఇంటి ఓనరేమో బ్యాంకు ఖాతా అడుగుతున్నాడు."

చిక్కంతా అక్కడే ఉంది. జర్మనీలో ఒక్కో పని విడిగా చూస్తే ఏదీ కష్టం కాదు, వరస తప్పితేనే కష్టం. ఇల్లు లేనిదే చిరునామా నమోదు కాదు. నమోదు కానిదే పన్ను నంబరు రాదు. చాలాచోట్ల బ్యాంకు ఖాతా కూడా ఆగుతుంది. ఖాతా లేనిదే మీరు ముందే కట్టి వచ్చిన మీ డబ్బే మీ చేతికి రాదు. అందుకే ఇది పనుల వరసలోనే రాస్తున్నాను. ఉదాహరణలు బెర్లిన్‌వి. మ్యూనిక్‌కో మాగ్డెబుర్గ్‌కో వెళ్ళేవాళ్ళకు ఆఫీసుల పేర్లు మారతాయేమో గానీ వరస మారదు.

## 1. ఊరు కదలకముందు

ముందు పేరు సంగతి. మనవాళ్ళకు అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇదే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనకుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. జర్మన్ ఫారాల్లో "నాఖ్‌నామె" అంటే ఇంటిపేరు, "ఫోర్‌నామె" అంటే మీ పేరు. ఇక్కడ ఏ ఫారం నింపినా పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అదే దించండి. ఒకచోట "వెంకట సాయి", మరోచోట "వెంకటసాయి" అని రాస్తే ఇన్సూరెన్సు వాళ్ళ కంప్యూటర్‌కు మీరు ఇద్దరు మనుషులు.

డబ్బు. వీసాకు చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ఉండాలి. అది నెలకు 992 చొప్పున విడుదలవుతుంది, అదీ ఇక్కడ ఖాతా తెరిచాకే. కాబట్టి మొదటి నెల గడవడానికి చేతిలో విడిగా డబ్బుండాలి. అద్దె, డిపాజిట్ కాక కనీసం 1,000 యూరోలు ఫారెక్స్ కార్డులోనూ, 300 నుంచి 400 నోట్లుగానూ పెట్టుకోండి. నోట్లు 5, 10, 20 యూరోలవి అడగండి. బేకరీలో 200 నోటు ఇస్తే మీ వంక, నోటు వంక మార్చి మార్చి చూస్తారు.

తిండి సామాన్లు. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. అంటే అమ్మ పెట్టే చికెన్ పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా కస్టమ్స్ దగ్గర చెత్తబుట్ట పాలే. పచ్చి కరివేపాకూ తేకూడదు, కరివేపాకు పొడి చేయించుకోండి. ఆవకాయను రెండు కవర్లలో కట్టి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. చేతిసంచిలో పెడితే మీద తేలే నూనె వల్ల సెక్యూరిటీలో ఆపుతారు.

కుక్కర్. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. తెస్తే అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీలు కుక్కర్ తెండి. కరెంటు మనలాగే 230 వోల్టులు, సాకెట్టు వేరు. రెండు అడాప్టర్లు, మన ఊరి ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తెచ్చుకుంటే చాలు.

చేతిసంచిలో ఉండాల్సినవి:

- ☐ పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ లెటర్
- ☐ డిగ్రీ, మార్కుల మెమోల ఒరిజినల్స్, ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు కాగితాలు అసలువేనని జర్మన్ ఎంబసీ విభాగం ఇచ్చేది)
- ☐ బ్లాక్డ్ అకౌంట్ ధ్రువపత్రం
- ☐ ట్రావెల్ ఇన్సూరెన్సు, ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్సు పత్రం
- ☐ గది ఒప్పందం లేదా బుకింగ్ కాగితం
- ☐ వాడే మందులు, డాక్టర్ చీటీతో సహా
- ☐ అన్నిటి స్కాన్ కాపీలు ఫోన్‌లో, మెయిల్‌లో, ఇంట్లో ఒకరి దగ్గర

కాగితాలు చెక్-ఇన్‌లో వేయకండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మ్యూనిక్‌లోనో విమానం మారితే ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. పెట్టె మాత్రం బెర్లిన్‌లో దిగుతుంది.

## 2. గది: చవక కాదు, నమోదు చూడండి

గది వెతికేటప్పుడు అందరూ అద్దె చూస్తారు. మీరు మొదట ఒకటే అడగండి: "ఈ చిరునామాలో అన్‌మెల్డుంగ్ చేసుకోనిస్తారా?" అన్‌మెల్డుంగ్ అంటే మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని ప్రభుత్వం దగ్గర నమోదు. తాత్కాలికంగా ఇచ్చే గదుల్లో చాలావాటికి ఇది కుదరదు. నెలకు 100 యూరోలు మిగులుతున్నాయని అలాంటి గదిలో దిగితే మిగతా పనులన్నీ వరసగా ఆగిపోతాయి.

అద్దె రెండు రకాలు. "కాల్ట్" అంటే ఉత్త గది అద్దె. "వార్మ్" అంటే హీటింగ్, నీళ్ళు, చెత్త ఖర్చులు కలిపింది. పోల్చేటప్పుడు వార్మ్‌నే పోల్చండి, కరెంటు, ఇంటర్నెట్ అందులో ఉన్నాయో లేదో అడగండి. బెర్లిన్‌లో ఒక్క గదికి 500 యూరోలు దాటడం మామూలే. స్టూడెంట్ హాస్టళ్ళు చవకే కానీ వెయిటింగ్ లిస్టు పొడవు, అడ్మిషన్ వచ్చిన రోజే పేరు ఇచ్చేయండి.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దెకు మించి అడగకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా చట్టం ఇచ్చింది.

మోసాన్ని ఎలా పట్టాలి? ఫొటోల్లో ఇల్లు సినిమా సెట్టులా ఉంటుంది, అద్దె 350. ఓనర్ "ప్రస్తుతం వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అంటాడు. ఇంకేం చదవక్కర్లేదు, అది మోసమే. గది చూడకుండా, కనీసం తెలిసినవాళ్ళెవరూ వెళ్ళి చూడకుండా పైసా పంపకండి. మొదటి రెండు మూడు వారాలకు హాస్టల్ బెడ్ లాంటిది తీసుకుని, ఇక్కడికొచ్చి కళ్ళతో చూసి మాట్లాడుకోవడం ఖరీదే కానీ నష్టం కాదు.

## 3. దిగిన రోజు, మర్నాడు

విమానాశ్రయం బెర్లిన్ టికెట్ జోన్లలో సి కిందికి వస్తుంది. ఊళ్ళోకి రావాలంటే ఏ, బీ, సీ మూడూ ఉన్న టికెట్ కావాలి. ఇక్కడ మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవు, హైదరాబాద్ మెట్రోలా కార్డు కొడితే తెరుచుకునే వ్యవహారం లేదు. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫాం మీదున్న చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే, జరిమానా 60 యూరోలు. నేనూ ఒకసారి చెకర్‌కు దొరికాను. నా దగ్గర టికెట్ ఉంది, ముద్ర లేదు. "కొత్తగా వచ్చాను" అన్నాను. ఆయన తల ఊపి, విని, చీటీ రాసి ఇచ్చాడు.

శనివారం రాత్రి దిగేవాళ్ళు జాగ్రత్త. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. సెంట్రల్ స్టేషన్ లాంటి పెద్ద స్టేషన్లలో కొన్ని తెరిచి ఉంటాయి, సందు చివర "ష్పేటి" అనే చిల్లర దుకాణాలు ఉంటాయి. అయినా మొదటి రోజుకు రెండు పూటల తిండి సంచిలో పెట్టుకు రావడం ఉత్తమం. కుళాయి నీళ్ళు తాగొచ్చు.

మొదటి 48 గంటల్లో:

- ☐ ప్రీపెయిడ్ సిమ్. పాస్‌పోర్టుతో గుర్తింపు తప్పనిసరి, యాప్‌లో కుదరకపోతే దుకాణంలో చేయించుకోండి
- ☐ భారతీయ సిమ్ రోమింగ్‌లో బతికే ఉండాలి, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి
- ☐ కాలింగ్ బెల్ మీద, పోస్టు డబ్బా మీద మీ పేరు

ఆ చివరిది చిన్నపనిలా కనిపిస్తుంది కదా? బెర్లిన్ అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. చిరునామాలో వీధి, ఇంటి నంబరు, అంతే. లోపల ఇరవై ముప్ఫై కుటుంబాలుంటే పోస్ట్‌మన్ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే వెనక్కి పంపేస్తాడు. నా బ్యాంకు కార్డు పిన్ నంబరు ఉత్తరం అలాగే తిరిగి వెళ్ళింది, రెండు వారాలు చిల్లర లెక్కపెట్టుకుంటూ గడిపాను. చివరికి మెడికల్ ప్లాస్టర్ ముక్క మీద బాల్‌పెన్‌తో పేరు రాసి డబ్బాకు అంటించాక ఉత్తరాలు రావడం మొదలైంది. ఇంటిపేరు, మీ పేరు, తండ్రి పేరు అన్నీ కలిసి నాలుగంగుళాలు దాటితే పాస్‌పోర్టులోని ఇంటిపేరు ఒక్కటి రాయండి చాలు. ఇంకొకరి ఇంట్లో ఉంటే చిరునామాలో మీ పేరు కింద "సి/ఓ" పెట్టి వాళ్ళ పేరు కూడా ఇవ్వండి.

## 4. అన్‌మెల్డుంగ్: అసలు తాళంచెవి

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు నమోదు చేసుకోవాలని చట్టం. ఆఫీసు పేరు బ్యూర్గర్‌ఆమ్ట్, మన మీసేవ, మండలాఫీసు కలిపినట్టు. బెర్లిన్‌లో 12 జిల్లాలున్నాయి. ఏ జిల్లా ఆఫీసుకైనా వెళ్ళొచ్చు, మీ జిల్లాకే వెళ్ళాలని లేదు. సగంమందికి ఇది తెలియక ఇంటి పక్క ఆఫీసు స్లాట్ కోసమే కూర్చుంటారు.

క్రమం:

1. గది ఖాయం కాగానే, ఇండియాలో ఉండగానే, మీరు ఇంట్లో దిగే తేదీ తర్వాతి రోజుకు ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకోండి.
2. స్లాట్లు కనిపించకపోతే పొద్దున్నే, మళ్ళీ మధ్యమధ్య చూడండి. రద్దు చేసుకున్నవాళ్ళవి పైకి వస్తుంటాయి. ఇక్కడికొచ్చాక 115 కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు.
3. ఇంటి ఓనర్ దగ్గర "వోనుంగ్స్‌గేబర్‌బెష్టెటిగుంగ్", అంటే మీరు ఆ ఇంట్లో దిగారని ఓనర్ ఇచ్చే ధ్రువీకరణ, సంతకం చేయించుకోండి. నోరు తిరగకపోయినా ఫరవాలేదు, కాగితం ముఖ్యం. అద్దె ఒప్పందం దీనికి బదులు పనికిరాదు. ఒప్పందం పట్టుకెళ్ళి వెనక్కి తిరిగొచ్చినవాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు.
4. నింపిన ఫారం, పాస్‌పోర్టు, ఆ సంతకం కాగితం తీసుకుని పది నిమిషాలు ముందే వెళ్ళండి. గోడ మీది తెర మీద మీ నంబరు వస్తుంది, పేరు పిలవరు.
5. ఇచ్చిన ధ్రువపత్రంలో పేరు, పుట్టిన తేదీ అక్కడే నిలబడి సరిచూసుకోండి. తప్పుంటే అప్పటికప్పుడు సరిచేస్తారు. ఇంటికొచ్చాక చూస్తే మళ్ళీ స్లాట్.

ఫారంలో మతం గురించి ఒక గడి ఉంటుంది. ఇక్కడ ప్రొటెస్టెంట్, క్యాథలిక్ చర్చి సభ్యుల నుంచి ప్రభుత్వమే చర్చి పన్ను వసూలు చేస్తుంది. బెర్లిన్‌లో అది ఆదాయపు పన్ను మీద 9 శాతం. ఈరోజు మీకు జీతం లేకపోవచ్చు, రేపు ఉద్యోగంలో చేరాక కోత మొదలవుతుంది. మన క్రైస్తవ కుటుంబాల పిల్లలు ఆ గడి సంగతి తెలుసుకుని నింపండి.

రెండు వారాల్లో స్లాట్ దొరక్కపోతే? గడువులోపే బుక్ చేసిన రుజువు, తేదీతో సహా, దాచుకోండి. ఆ తేదీ గడువు దాటాక పడినా కంగారు అక్కర్లేదు. అసలు బుక్ చేయకుండా కూర్చోవడమే తప్పు.

నమోదయ్యాక రెండు ఉత్తరాలు వస్తాయి. ఒకటి 11 అంకెల పన్ను నంబరు, పదిలంగా దాచండి. రెండోది టీవీ, రేడియో రుసుము గురించి. అది ఇంటికి నెలకు 18.36 యూరోలు, మనిషికి కాదు. మీ రూమ్‌మేట్ కడుతుంటే వాళ్ళ నంబరు రాసి జవాబివ్వండి. "నాకు టీవీ లేదు" అన్నది ఇక్కడ చెల్లదు. ఉత్తరం చింపేస్తే బాకీ పెరుగుతుందే తప్ప పోదు.

## 5. ఖాతా, ఇన్సూరెన్సు

జీతానికీ అద్దెకూ వాడే ఖాతాను "గిరోకోంటో" అంటారు. నెలవారీ చార్జీ లేనిది అడగండి. ఖాతా నంబరు రాగానే బ్లాక్డ్ అకౌంట్ సంస్థకు పంపితే కొద్దిరోజుల్లో మొదటి 992 పడుతుంది. ఖాతా మీ పేరు మీదే ఉండాలి. స్నేహితుడి ఖాతా ఇస్తే కుదరదు.

ఇన్సూరెన్సు దగ్గర ఒక్క తప్పు మాత్రం చేయకండి. 30 ఏళ్ళలోపు విద్యార్థులు ప్రభుత్వ చట్టబద్ధ బీమాలో విద్యార్థి రేటుకు చేరొచ్చు, నెలకు సుమారు 150 యూరోలు. ప్రైవేటు బీమా చవకగా కనిపిస్తుంది. కానీ దానికోసం చట్టబద్ధ బీమా నుంచి మినహాయింపు కాగితం మీద సంతకం పెడితే చదువు అయ్యేదాకా వెనక్కి రాలేరు. నెలకు వంద మిగులుతుందని సంతకం పెట్టి, తర్వాత పంటి నొప్పికి సొంత డబ్బు ముందు కట్టి బిల్లుల వెంట తిరిగినవాళ్ళున్నారు. 30 దాటినవాళ్ళకు విద్యార్థి రేటు ఉండదు. వాళ్ళు టికెట్ కొనకముందే దీని గురించి విడిగా కనుక్కోవాలి.

ఈ బీమా సాధారణంగా సెమిస్టర్ మొదలయ్యే రోజు, అంటే అక్టోబరు 1 లేదా ఏప్రిల్ 1 నుంచి నడుస్తుంది. మీరు సెప్టెంబరు 15న దిగితే మధ్య రెండు వారాలకు ట్రావెల్ ఇన్సూరెన్సే దిక్కు.

జ్వరమొస్తే: పారాసెటమాల్ సూపర్‌మార్కెట్‌లో దొరకదు, "అపోథేకె" అని ఎర్ర అక్షరం ఉన్న మందుల షాపులోనే. యాంటీబయాటిక్స్ చీటీ లేనిదే ఇవ్వరు. ప్రాణం మీదికి వస్తే 112, రాత్రిపూట డాక్టరు కావాలంటే 116117, పోలీసులకు 110.

## 6. యూనివర్సిటీ

పేరు నమోదు గడువు తేదీ దాటితే సీటు పోతుంది, బతిమాలినా లాభం లేదు. నమోదు పూర్తయ్యాక రవాణా టికెట్ చాలావరకు సెమిస్టర్ రుసుములోనే వస్తుంది. దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సుల్లో తిరగొచ్చు. విడిగా కొంటే అదే టికెట్ 2026లో నెలకు 63 యూరోలు. వేగంగా వెళ్ళే ఐసీఈ రైళ్ళకు మాత్రం పనికిరాదు.

టైంటేబుల్‌లో "10 సి.టి." అంటే క్లాసు 10:15కు, "10 ఎస్.టి." అంటే సరిగ్గా 10కి.

మార్కులు తిరగేసి చదవాలి: 1.0 అత్యుత్తమం, 4.0 పాస్, 5.0 ఫెయిల్. ఇంట్లో "ఒకటి వచ్చింది" అని చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి, మా నాన్న ఒక పూట అన్నం మానేశారు.

అసలు ప్రమాదం పరీక్షల దగ్గరుంది. కోర్సులో చేరితే పరీక్షకు చేరినట్టు కాదు, పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి. ఎన్నిసార్లు తప్పొచ్చో కూడా లెక్క ఉంటుంది. మన బ్యాక్‌లాగ్‌ల్లా ఎన్నాళ్ళైనా రాసుకుంటూ పోవడం కుదరదు. మొదటి వారంలోనే మీ కోర్సు పరీక్షా నియమావళి దించుకుని ఆ రెండు సంగతులూ వెతికి చదవండి.

## 7. ఇల్లు: తాలింపు, చెత్త, నిశ్శబ్దం

గదుల్లో, వరండాలో పొగ అలారం ఉంటుంది. నూనె కాగి, ఎండుమిర్చి నల్లబడి, ఆవాలు చిటపటలాడేసరికి అది మొత్తుకోవడం మొదలుపెడుతుంది. కొన్ని హాస్టళ్ళలో అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కు కలిపి ఉంటుంది, ఊరికే బండి వస్తే బిల్లు మీ చేతికి రావచ్చు. తాలింపు ముందు కిటికీ బార్లా తెరవండి, వంటగది తలుపు మూయండి, మంట తగ్గించి మిరపకాయలు చివర్లో వేయండి. అలారానికి ప్లాస్టిక్ కవరు కట్టే తెలివి మాత్రం చూపించకండి.

చలికాలం కిటికీలు మూసే ఉంచితే గోడలకు బూజు పట్టి డిపాజిట్‌లో కోస్తారు. రోజుకు రెండు మూడుసార్లు పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వండి. హీటర్ మీద 3 అంటే సుమారు 20 డిగ్రీలు, 5 లో పెడితే గది త్వరగా వేడెక్కదు, బిల్లు మాత్రం వేడెక్కుతుంది.

- ☐ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దం. మిక్సీ, కుక్కర్ విజిల్, డ్రిల్లింగ్ వద్దు
- ☐ కాగితం, కూరగాయల చెత్త, ప్యాకింగ్ కవర్లు వేర్వేరు డబ్బాల్లో. గాజు సీసాలు తెల్లవి ఒకదానిలో, రంగువి ఇంకోదానిలో
- ☐ వాడి పారేసే నీళ్ళ, కూల్‌డ్రింక్ సీసాలు పారేయకండి. సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్లు తిరిగొస్తాయి

ఇంకోటి: అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఇంటికీ మీకూ తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరుగుతుంది. మీరు రాత్రి 7కు తీరిగ్గా ఫోన్ చేస్తే అక్కడ పదకొండున్నర, అమ్మ ఏమైందోనని అదిరిపడుతుంది.

## 8. పార్ట్‌టైం పని

విద్యార్థి అనుమతిపై ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు, మినీజాబ్ (చిన్న పార్ట్‌టైం ఉద్యోగం) జీతం పరిమితి నెలకు 603. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటితే ఇన్సూరెన్సు రేటు మారిపోతుంది. సొంతంగా బిల్లు వేసి సంపాదించే ఫ్రీలాన్స్ పనికి విడిగా అనుమతి కావాలి. చీటీ లేకుండా నగదు ఇస్తామనే హోటల్ పని జోలికి పోకండి, పట్టుబడితే పోయేది వాళ్ళ లైసెన్సు ఒక్కటే కాదు.

మొదటి నెల పని వెతక్కండి. కాగితాల పనే ఫుల్‌టైం.

## 9. రెసిడెన్స్ పర్మిట్

వీసా కొన్ని నెలలకే ఇస్తారు. అది అయిపోయేలోపు పర్మిట్‌కు దరఖాస్తు పడాలి. బెర్లిన్‌లో విద్యార్థులు ఆన్‌లైన్‌లోనే వేస్తారు, అపాయింట్‌మెంట్ రావడానికి నెలలు పట్టొచ్చు. వీసా స్టిక్కర్ మీది చివరి తేదీకి ఎనిమిది వారాల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

- ☐ అన్‌మెల్డుంగ్ ధ్రువపత్రం
- ☐ ఈ సెమిస్టర్ విద్యార్థి ధ్రువపత్రం
- ☐ ఇన్సూరెన్సు సభ్యత్వ పత్రం
- ☐ బ్లాక్డ్ అకౌంట్ నిల్వ
- ☐ అద్దె ఒప్పందం
- ☐ సుమారు 100 యూరోల రుసుము

దరఖాస్తు పంపాక వచ్చిన రసీదును వెంటనే ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టండి. వీసా తేదీ దాటి కార్డు ఇంకా రాకముందు సంక్రాంతికి ఊరెళ్ళాలనుకుంటే, తిరిగి రావడానికి ఆ రసీదు చాలుతుందో లేదో ఆఫీసును రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే విమానం టికెట్ కొనండి.